దిబ్బ పక్కన కంకి

మద్దిలేటికి ఆ పూట రొట్టె గొంతు దిగలేదు. మఠంలో ఇది చిన్న సంగతేం కాదు. మద్దిలేటి గొంతులో రొట్టె ఆగడం అంతకుముందు ఎవరూ చూడలేదు మరి.

దానికి కారణం ఓబులేసు. కుందేరు ఏటికి అవతలి ఊరి రైతు, మెత్తటి మనిషి. పొద్దున బావి దగ్గర ఎద్దులకు నీళ్ళు తాపుతూ, తలెత్తకుండానే మాట అనేశాడు.

"మద్దిలేటిసామీ, ఏమనుకోవద్దు. నిరుడు మీరిచ్చిన జొన్నలతో మడి ఏం బాగా రాలేదు. దంటు చూస్తే ఏపుగా లేసింది, కంకి చూస్తే సగం పొల్లు. అంతకుముందు ఏడూ అంతే. వాన తక్కువాయె, అందుకే అనుకుంటిమి. నిరుడు వానకేమొచ్చె? పాత గింజలు ఇంట్లో ఉంటే వాటితో ఎట్లనో నెట్టుకొచ్చినాము. ఇప్పుడు అవీ అడుగంటినాయి. ఈసారీ ఇట్లే ఉంటే మా ఊరోళ్ళం విత్తనం ఇంకోచోట చూసుకుంటాం సామీ."

"అట్లంటావేంది ఓబులేసన్నా!" అన్నాడు మద్దిలేటి. "ఒక్కో కంకీ నా చేత్తో ఏరినా. అన్నిట్లోకీ పెద్దవి చూసి మరీ ఏరినా."

"మీరు ఏరలేదని ఎవరన్నారు సామీ? పండలేదంటున్నా, అంతే."

ఓబులేసు ఎద్దుల్ని అదిలించుకుని వెళ్ళిపోయాడు. మద్దిలేటి అక్కడే చేంతాడు పట్టుకుని నిలబడిపోయాడు. కోపం రావాలా, భయం వేయాలా అతనికే తెలియలేదు. రెండూ కలిసి వచ్చాయి.

మఠం జొన్న అంటే అట్లాంటిట్లాంటి జొన్న కాదు. మఠం గురువు కంబగిరి స్వామి వయసులో ఉండగా పంచె కొంగున ముడి వేసుకుని తెచ్చిన పిడికెడు గింజలతో మొదలైంది అది. ఏటేటా ఆయన చేనంతా తిరిగి, ఒక్కో మొక్కనూ పలకరించినట్టు చూసి, గంపెడు కంకులు ఏరేవాడు. మరుసటి ఏడు వాటినే వేసేవాడు. అట్లా ఒక జీవితకాలం గడిచింది. వాన సగమే పడ్డా ఆ కంకి నిండేది. పొద్దున చేసిన రొట్టె సాయంత్రానికి కూడా మెత్తగా ఉండేది. దాని చొప్పను ఎద్దులు మొదలంటా నమిలేవి.

హస్త కార్తె వచ్చిందంటే చుట్టుపక్కల రైతులంతా మఠానికి వచ్చేవాళ్ళు. స్వామి చేత్తో తలా ఒక దోసెడు విత్తనం పట్టుకుని పోయి, పొలంలో ఒక మూల మడి కట్టి వేసుకునేవాళ్ళు. ఆ మడిలో పండిందే మరుసటి ఏటికి వాళ్ళ పొలమంతటికీ విత్తనం. అంటే ఇక్కడ దోసెట్లో తప్పు జరిగితే అక్కడ పొలమంతా తప్పే.

స్వామికి కాషాయం లేదు, జడలు లేవు. భార్య సుంకులమ్మతో కాపురం చేస్తూ, ఎద్దులు తోలుకుంటూ, అడిగినవాళ్ళకు తత్వం చెప్పే గురువు. ఎక్కువగా చెప్పడు కూడా. కళ్ళకు పొర కమ్మి మనుషులు మసక మసకగా కనబడడం మొదలయ్యాక, కంకులు ఏరే పని శిష్యుడు మద్దిలేటికి అప్పజెప్పాడు. అప్పజెప్పేటప్పుడు కూడా ఒకే మాట అన్నాడు.

"కోయక ముందే ఏరు నాయనా. నిలబడి ఉండగానే చూడాల."

మద్దిలేటి సరేనన్నాడు. కానీ నిలబడ్డ జొన్నచేన్లో తిరగడమంటే మాటలా? ఆకులు చేతుల్ని కోస్తాయి. నూగు ఒళ్ళంతా అంటుకుని ఒకటే దురద. కోత అయ్యాక కంకులన్నీ కళ్ళంలో కుప్ప పోస్తారు గదా, అక్కడ నీడన కూర్చుని ఏరుకుంటే పోలా అనుకున్నాడు. కంకి ఎక్కడున్నా కంకే. ముసలాయన పాత అలవాటు కొద్దీ అన్నాడులే అని తన లెక్క. అట్లా రెండేళ్ళూ, సంతలో వంకాయలు ఏరినట్టు, పెద్దవి పెద్దవి ఏరి విత్తనానికి కట్టాడు.

మద్దిలేటి మనిషి చెడ్డవాడు కాదు. గట్టివాడు, పనిమంతుడు. గురువంటే ప్రాణం. కాకపోతే తనంటే కూడా కొంచెం ఎక్కువ ఇష్టం. ఏటా ఆరాధన ఉత్సవం నాడు మఠం ముందున్న గుండురాయి ఎత్తి భుజాన పెట్టుకునేది అతనే. జనం ఈలలు వేస్తే, చేతులు జోడించి, "అంతా గురుకృప" అనేవాడు. అనేటప్పుడు మాత్రం చాతీ ముందుకొచ్చేది.

అట్లాంటివాడు ఆ పూట రొట్టె విస్తట్లో వదిలేసి స్వామి దగ్గరికి పోయాడు.

స్వామి అరుగు మీద కూర్చుని పగ్గం పేనుతున్నాడు.

"సామీ, ఓబులేసు ఇట్లా అంటున్నాడు," అని మొదలుపెట్టి, ఇక ఆగలేదు మద్దిలేటి. ఆ ఊరి నేల సారం లేనిదన్నాడు. వాళ్ళు దుక్కి సరిగ్గా దున్నరన్నాడు. దిబ్బఎరువు తోలడానికి బద్ధకమన్నాడు. గొర్రు పట్టడం కూడా రాదన్నాడు. కుందేటి అవతల ఒక్కడూ రైతు కాడని తేల్చాడు. చివరికి అరుగు కింద చతికిలబడ్డాడు. "మీ జీవితమంతా పెట్టి చేసిన విత్తనం సామీ. నా చేతుల్లో చెడిపోయిందంటే నేనేం కావాల?"

స్వామి పగ్గం పక్కన పెట్టాడు. ఆ చివరి మాట ఒక్కటే ఆయనకు వినబడినట్టుంది.

"ఈ ఏడు చేన్లో అన్నిటికన్నా మంచి కంకి ఏది? చూసి పెట్టుకున్నావా?"

మద్దిలేటి ముఖం వెలిగిపోయింది. "చూడకుండా ఉంటానా సామీ! రండి."

చూడడమేం ఖర్మ, దానికి పేరు కూడా పెట్టుకున్నాడు, ఏనుగు అని. చేని మూలన, మఠం గోడ వెంబడి ఉంది. నిజంగానే చూడ్డానికి రెండు కళ్ళూ చాలని కంకి. దంటు మద్దిలేటి మణికట్టంత లావు. గింజలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉబ్బి ఉన్నాయి.

స్వామి శిష్యుడి భుజం మీద చెయ్యి వేసుకుని నడిచి వచ్చాడు. కంకిని తాకలేదు. నేల మీద గొంతుక్కూర్చుని అరచెయ్యి మట్టికి ఆనించాడు. తడిగా ఉంది. సుంకులమ్మ గిన్నెలు తోమే బండ గోడకు అవతలే. ఆ నీళ్ళు చిన్న కాలువ కట్టి ఇక్కడికే పారతాయి. స్వామి కుడిచెయ్యి చాపాడు. పేడదిబ్బ తగిలింది. ఎడమచెయ్యి చాపి అటూ ఇటూ ఆడించాడు. ఏమీ తగల్లేదు.

"బాగా తిన్నది," అన్నాడు.

"అవును సామీ! ఎట్లుంది చూసినారా!"

"దీని పక్కన ఎవరూ లేరే?"

"దీని పక్కన ఎవరు నిలబడగలరు సామీ?" అని మద్దిలేటి పకపకా నవ్వాడు.

స్వామి కూడా నవ్వాడు. ఇద్దరూ నవ్వుకుంటూనే మఠానికి తిరిగి వచ్చారు.

మర్నాడు మధ్యాహ్నం పంక్తి వేసేటప్పుడు స్వామి భార్యను పిలిచాడు.

"సుంకులమ్మా, ఇవాళ్టి నుంచి మద్దిలేటికి పంక్తి నడుమ విస్తరి వెయ్యి."

ఈ మాట ఎంత పెద్దదో తెలియాలంటే మఠం పంక్తి సంగతి తెలియాలి. మద్దిలేటి మఠానికి వచ్చిన నాటి నుంచీ వంటింటి గుమ్మం పక్కనే కూర్చునేవాడు. వడ్డన గుమ్మం దగ్గరే మొదలవుతుంది. పెనం మీది నుంచి దిగిన రొట్టె దిగినట్టే అతని విస్తట్లో పడేది. నెయ్యి గిన్నె నిండుగా ఉన్నప్పుడే అతని దగ్గర వంగేది. పుంటికూర పప్పు పైతేటా కాదు, అడుగు గసీ కాదు, సరిగ్గా నడిమిది దక్కేది. వడ్డించేవాళ్ళు లోపలికి పోతూ ఒకటి, బయటికి వస్తూ ఒకటి వేసేవాళ్ళు. ఎవరి తప్పూ లేదు. దారిలో ఉన్నాడు, వేశారు.

పైగా అవి ఆరాధన దగ్గరపడుతున్న రోజులు. కోతకని ముందే దిగిన కూలీలు, మంటపానికి బండలు పరిచేవాళ్ళు, దారినపోయే బైరాగులు, అందరూ మఠంలోనే తింటున్నారు. పంక్తి పెరిగింది. రొట్టెల గంప పెరగలేదు.

మద్దిలేటి పోయి నడుమ కూర్చున్నాడు. ఒక పక్క సంజన్న, బండలు కొట్టే మనిషి, సన్నగా ఎముకలు లెక్కపెట్టేట్టు ఉంటాడు. ఇంకో పక్క ఎవరో బైరాగి, నోటికీ చేతికీ నడుమ గాలి కూడా దూరనివ్వడు. గంప అక్కడికి వచ్చేసరికి అడుగు కనిపిస్తోంది. మద్దిలేటి విస్తట్లో సగం రొట్టె పడింది. చల్లగా. నెయ్యి గిన్నె వంగింది గాని, బొట్టు జారలేదు.

'ఓహో, పరీక్ష!' అనుకున్నాడు మద్దిలేటి. లోపల సంబరపడ్డాడు. గురువు ఎవరినంటే వాళ్ళను పరీక్షిస్తాడా? వెన్ను నిటారుగా పెట్టి, సగం రొట్టెను పరమ శాంతంగా నమిలాడు. తన శాంతం ఎవరైనా గమనిస్తున్నారా అని ఓరగా చూశాడు కూడా. బైరాగి చూస్తున్నాడు. అయితే ముఖంకేసి కాదు, విస్తట్లోకి.

రెండో రోజుకి శాంతం కొంచెం తగ్గింది. ఆ తర్వాత కడుపు మాట్లాడడం మొదలుపెట్టింది. వారం తిరక్కుండానే భజనలో మద్దిలేటి పాడే తత్వం ముందు వరసకు కూడా వినబడకుండా పోయింది. పారపని మధ్యలో గట్టు మీద చతికిలబడి, వంటింటి పొగ ఎటు పోతుందో చూస్తూ కూర్చునేవాడు.

ఒకనాడు పెరటి దారిన వంటింట్లోకి తల పెట్టాడు.

"అవ్వా, మాడిపోయిన రొట్టె ఏమన్నా ఉంటే... కుక్కకు వేద్దామని."

సుంకులమ్మ అతని వైపు జాలిగా చూసింది. ఆమెకు నవ్వూ వచ్చింది.

"మన మఠంలో కుక్క యాడుందిరా? నాకూ పెట్టాలనే ఉంది నాయనా. ఆయన మాట దాటి పెడితే రేపట్నుంచి నాకూ విస్తరి నడుమనే పడుతుంది. పో, పో."

ఆ మధ్యాహ్నం మద్దిలేటి ఉండబట్టలేక సంజన్నను అడిగాడు.

"ఏం సంజన్నా, ఈ సగం రొట్టె నీకెట్లా సరిపోతుంది? పొద్దుగూకులూ సమ్మెట వేస్తావు గదా?"

సంజన్నకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "నాకెప్పుడూ ఇంతే గదా సామీ," అన్నాడు. తర్వాత మద్దిలేటి ముఖం చూసి ఏమనుకున్నాడో, తన సగంలోంచి ఒక ముక్క విరిచి అతని విస్తట్లో పెట్టాడు. పెట్టి, మీసాలు తుడుచుకుని, పాట అందుకుంటూ బండల దగ్గరికి వెళ్ళిపోయాడు.

మద్దిలేటి ఆ ముక్క తిన్నాడు. సిగ్గుపడ్డాడు, అయినా తిన్నాడు.

ఆరాధన రోజు రానే వచ్చింది. భజనలు, పల్లకి, ఊళ్ళ నుంచి దిగిన బండ్లు. మధ్యాహ్నానికి జనమంతా గుండు చుట్టూ మూగారు.

"మద్దిలేటిసామీ! రా సామీ!" అని కేకలు.

మద్దిలేటి పంచె ఎగ్గట్టాడు. గుండుకు దండం పెట్టాడు. వంగి, రెండు చేతులూ కిందికి పోనిచ్చి, "గురూ!" అని ఒక్క ఊపు ఊపాడు. గుండు మోకాళ్ళ దాకా వచ్చింది. అక్కడ ఆలోచనలో పడింది. మద్దిలేటి ముఖం కందగడ్డయింది. గుండు దభీమని నేల మీద పడింది.

జనం గొల్లుమన్నారు. "ఏం సామీ, గురుకృప తగ్గిందా?" అన్నాడు వెనక నుంచి ఎవడో.

"సంజన్నా, నువ్వు చూడరా!" అన్నారు బండలవాళ్ళు. సంజన్న వద్దు వద్దంటూనే వచ్చాడు. గుండు చుట్టూ ఒకసారి తిరిగి, పట్టు చూసుకుని ఎత్తాడు. మోకాలు, తొడ, రొమ్ము, భుజం. ఒక్క ఊపులో పోయింది. కిందికి దించి, "మా బండలకన్నా ఇదే నయం, గుండ్రంగా ఉంది," అని చేతులు దులుపుకుని పంక్తిలోకి పోయాడు.

మద్దిలేటికి నేల చీలితే బాగుండుననిపించింది. తప్పించుకుని పోదామని వెనక్కి తిరిగితే ఎదురుగా స్వామి. ఓదార్పు మాట ఏమైనా అంటాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాడు.

"రేపు కోత మొదలు మద్దిలేటీ. పోయి కంకులు ఏరుకుని రా," అన్నాడు స్వామి.

అంతే.

మద్దిలేటి గంప తీసుకుని చేనికి పోయాడు. కాళ్ళు అలవాటు కొద్దీ గోడ వెంబడే తీసుకుపోయాయి. ఏనుగు అక్కడే ఉంది, బంగారంలాగా. కొడవలి ఎత్తాడు.

అవ్వ గిన్నెలు తోముతున్నట్టుంది. కాలువలో నీళ్ళు గలగలమని వచ్చి ఏనుగు మొదట్లోకి ఇంకిపోయాయి.

మద్దిలేటి చెయ్యి అట్లాగే ఆగిపోయింది. తడి నేల చూశాడు. పేడదిబ్బ చూశాడు. పక్కన ఖాళీ జాగా చూశాడు. వంటింటి గుమ్మం గుర్తొచ్చి, తన పొట్ట చూసుకున్నాడు.

ముందు నవ్వొచ్చింది. దిబ్బ మీదే కూలబడి, ఒక్కడే, పొట్ట పట్టుకుని నవ్వాడు. అవ్వ గోడ మీంచి తొంగిచూసి, "ఏమైందిరా నీకు?" అంది. అతను కంకిని చూపించి మళ్ళీ నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళలో నవ్వు అయిపోయాక ఓబులేసు గుర్తొచ్చాడు. అతని మడి గుర్తొచ్చింది. ఏది తన సత్తువతో నిండిందో, ఏది ఎవరి గిన్నెల నీళ్ళు తాగి నిండిందో చూడకుండానే రెండేళ్ళు ఊళ్ళకు దోసిళ్ళతో పంచాడు.

లేచి, దులుపుకుని, చేని నడుమకు నడిచాడు. రెండేళ్ళలో అక్కడ అడుగు పెట్టడం అదే మొదలు.

అక్కడ సాళ్ళు చిక్కగా ఉన్నాయి. ప్రతి మొక్కకూ నాలుగు పక్కలా నాలుగు మొక్కలు. ఎవరి నీళ్ళూ ఎవరికీ ఎక్కువ లేవు. చాలా వాటికి కంకి మొదట్లో నిండి, కొసకొచ్చేసరికి పొల్లు పోయింది. కొన్ని వెలుతురు కోసం పైకి ఎగబాకి, గాలికి ఒరిగిపోయాయి. వాటి నడుమ అక్కడొకటి, ఇక్కడొకటి, చప్పుడు లేకుండా నిలబడి ఉన్నాయి. నాలుగు పక్కలా పొరుగుంది. అదే నేల, అదే వాన. అయినా దంటు ఒరగలేదు. కంకి కొస దాకా గింజ నిండింది. పెద్దవి కావవి. కళ్ళం కుప్పలో పడితే మద్దిలేటి చెయ్యి వాటి మీదికి పోయేదే కాదు.

ఒక గింజ గిల్లి నోట్లో వేసుకుని కొరికాడు. గట్టిగా, తియ్యగా ఉంది. పైపంచె అంచు చింపి ఆ మొక్కకు కట్టాడు. ఇంకొకటి వెతికాడు. దానికీ కట్టాడు. ఆకులు చేతుల్ని గీరాయి, నూగు మెడలో దిగింది, దురదకు ఎగిరి గంతులేశాడు. అయినా మళ్ళీ వంగాడు. పొద్దు వాలేసరికి పైపంచె మిగల్లేదు. చిన్నప్పుడు రేగుపళ్ళకు తిరిగినప్పటి సంతోషంలాంటిది పట్టుకుంది అతన్ని. పేలికలు కట్టినవన్నీ మళ్ళీ ఒకసారి చూసుకుని, కోసి, గంపలో పేర్చాడు.

తిరిగి వస్తుంటే గోడ పక్కన ఏనుగు కనిపించింది. చూడకుండా దాటిపోదామనుకున్నాడు. దాటాడు కూడా. నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, అటూ ఇటూ చూసి, దాన్నీ కోసి గంప అడుగున దాచాడు. పేరు పెట్టుకున్నదాన్ని వదిలేయడం అంత తేలికా?

అరుగు మీద స్వామి, కింద బండి కట్టుకోబోతూ ఓబులేసు, ఇంకొందరు రైతులు. మద్దిలేటి గంప దించాడు. ఓబులేసు తొంగిచూసి నీరుగారిపోయాడు.

"సామీ, నిరుటివే వీటికన్నా పెద్దవి గదా!"

పాత మద్దిలేటి అయితే ఆ మాటకు ఊరంతా వినబడేట్టు జవాబు చెప్పేవాడు. "అవునన్నా, చిన్నవే," అన్నాడు ఇప్పుడు. "ఈ ఒక్కసారికి నా మాట నమ్ము. ఒక్క దోసెడు వేసి చూడు."

మద్దిలేటి ఒకరిని బతిమాలడం ఓబులేసు ఎప్పుడూ వినలేదు. తలపాగా సర్దుకున్నాడు.

స్వామి ఒక్కో కంకినీ తీసి, మొదలు నుంచి కొస దాకా వేళ్ళతో తడిమి, పక్కన పెడుతున్నాడు. తడిమేకొద్దీ ఆయన ముఖం విచ్చుకుంటోంది. మద్దిలేటి ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. గంప అడుక్కి వచ్చాక ఆ వేళ్ళు ఆగాయి.

స్వామి ఏనుగును పైకి తీశాడు. బరువు చూశాడు.

మద్దిలేటి తల భూమిలోకి దిగిపోయింది. "సామీ, అది..."

"సుంకులమ్మా!" అని పిలిచాడు స్వామి. "ఇది రొట్టెకు. మంచి పుష్టిగా ఉంది, పారెయ్యగూడదు."

అవ్వ అక్కడికక్కడే కంకి నలిపి, చెరిగి, తిరగట్లో విసిరింది. ఆ ఒక్క కంకి పిండితో చెయ్యంత రొట్టె ఒకటి అయింది. స్వామి దాన్ని తుంచి అక్కడున్న అందరి చేతుల్లో తలా ఒక ముక్క పెట్టాడు. ఓబులేసు బాగుందన్నాడు. అవ్వ బాగుందంది. మద్దిలేటి తన ముక్క నోట్లో వేసుకున్నాడు. బాగానే ఉంది. చాలా బాగుంది. అంత బాగున్నందుకు అతనికి ఇంకోసారి సిగ్గేసింది. తర్వాత మాత్రం ఒళ్ళు తేలికైంది.

మిగతా కంకుల్ని పొయ్యి పైన వాసాలకు పొగ తగిలేట్టు కట్టారు. హస్త కార్తెలో దులిపి, బూడిద కలిపి, వచ్చినవాళ్ళకు దోసిళ్ళతో ఇచ్చారు. రానివాళ్ళూ ఉన్నారు. ఓబులేసు వచ్చాడు. "పెద్దసామి ముఖం చూసి తీసుకుపోతున్నా," అని దాచుకోకుండా చెప్పి మరీ తీసుకున్నాడు.

ఆ ఏడు వాన బాగా ఏం పడలేదు. స్వాతి కార్తెలో ఒక జల్లు, విశాఖ కార్తెలో ఒక జల్లు, అంతే. మబ్బు కనబడ్డప్పుడల్లా మద్దిలేటి కుందేటి గట్టెక్కి అవతలికి చూసేవాడు. కలుపు తీస్తున్నా ధ్యాస ఓబులేసు మడి మీదే. పోయి చూసి వద్దామంటే కాళ్ళు రాలేదు. భయం.

మాఘంలో ఒక పొద్దున మఠం ముందు బండి ఆగింది. ఓబులేసు దూకినట్టే దిగాడు. చంకనిండా కంకులు. అరుస్తూ లోపలికి వచ్చాడు.

"మద్దిలేటిసామీ! యాడున్నావయ్యా! మడిలో పెద్ద కంకి ఏదో చూసి పెద్దసామికి తెద్దామని పొద్దుటి నుంచీ తిరిగితి. దొరికితే ఒట్టు! అన్నీ ఒకే తీరు. ఒక్కటీ పొల్లు పోలేదు, ఒక్కటీ ఒరగలేదు. ఆ రెండు జల్లులకే! మా ఊరోళ్ళంతా నా గట్టు మీదే ఉండారు. తలా ఒక దోసెడు అడిగి రమ్మన్నారు."

మద్దిలేటి అతని చేతుల్లోంచి కంకులు అందుకుని, ఒక్కోదాన్నీ మొదలు నుంచి కొస దాకా తడిమాడు. ఏం చెయ్యాలో తెలియక బయటికి పోయి ఓబులేసు ఎద్దు మెడ కావలించుకున్నాడు. ఎద్దు అతని ముంజేయి నాకింది.

ఓబులేసు వెళ్ళాక స్వామి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఏడాదిగా మనసులో మెలిపెడుతున్న మాట ఒకటుంది. ఇక ఆపుకోలేక అడిగేశాడు.

"సామీ, నిలబడి ఉండగానే ఎందుకు చూడాల్నో మొదటి ఏడే చెప్పి ఉంటే, రెండేళ్ళు ఆ మడులు చెడకపోవు గదా? ఎందుకు చెప్పలేదు?"

స్వామి అతని తల నిమిరాడు. చేతికి తగిలిన జొన్న నూగు దులిపాడు.

"చెప్పినా నాయనా," అన్నాడు. "అప్పుడు నీ నోటినిండా రొట్టె ఉండె."